నేలవేము చేదు – మేము నేర్చుకున్న పాఠం



రోహిణి ఎండలు అయిపోవస్తున్నాయి. నేడో రేపో మృగశిర. ఏటా ఈ రోజుల్లో మాకు ఫోన్లు మొదలవుతాయి. "అయ్యగారూ, ఈసారి నేలవేము నారు ఉందా?" అని. ఉంది. మందిరం వెనుక రెండు మడులు పోశాము. కావలసినవారు వచ్చి తీసుకుపోవచ్చు. అయితే నారు చేతికిచ్చే ముందు ఒక మాట చెప్పాలి. కిందటేడు ఆదివారం ఆరాధనలో సగం చెప్పాము. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. ఈరోజు అంతా రాస్తున్నాము.

ఈ మొక్క మా చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్తాము. కొన్నేళ్ల కిందట వానాకాలం చివర్లో అమ్రాబాద్ అవతల నల్లమలలో ఒక చెంచు పెంటకు ప్రార్థన కోసం వెళ్లాము. మాతో వచ్చిన యవ్వనస్థుడికి దారిలోనే జ్వరం పట్టుకుంది. పెంటలో ఒక పెద్దాయన గుడిసె వెనక్కి పోయి నాలుగు కొమ్మలు తెచ్చి, నీళ్లలో మరిగించి ఇచ్చాడు. మేమూ ఒక గుక్క తాగి చూశాము. వేపాకు నమిలినవారికి కూడా అది కొత్త చేదే. నాలుక మీద పడిన చేదు మన్ననూరు చేరేదాకా పోలేదు.

పెద్దాయన మొక్కను చూపించాడు. మోకాలెత్తు ఉంటుంది. కాండం గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు మిరపాకును పోలి సన్నగా, ఎదురెదురుగా వస్తాయి. పువ్వు చిన్నది, తెల్లగా ఉండి లోపల ఊదారంగు మచ్చలుంటాయి. "వేరుతోని పీకొద్దయ్యా, పైన కోస్కోవాలె. ఇత్తు రాలేదాక కొన్నిటిని ఇడ్సిపెట్టాలె" అన్నాడు. ఎండిన కాయలు కొన్ని కాగితంలో కట్టి ఇచ్చాడు. మా నేలవేముకు అదే మూలం.

ఇంటికి రాగానే, డిసెంబరులోనే, తొందరపడి ఆ గింజలు చల్లాము. రోజూ నీళ్లు పోశాము. పదిరోజులు, ఇరవై రోజులు, నెల దాటింది. ఒక్క మొలక రాలేదు. గింజ పుచ్చిందనుకుని మడిని అలాగే వదిలేశాము. సంక్రాంతి పోయింది, ఈస్టరు పోయింది, ఎండాకాలమూ పోయింది. జూన్‌లో రెండు గట్టి వానలు పడ్డాక ఒకరోజు మా ఇంటావిడ పిలిచి చూపించింది. మేము మరిచిపోయిన ఆ మడిలోనే ఆవగింజంత ఆకులతో పచ్చగా మొలకలు!

తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, నేలవేము గింజకు నిద్ర ఉంటుంది. కాయ నుండి రాలిన వెంటనే అది సరిగా మొలవదు. కొన్ని నెలలు ఆగి, తన కాలం వచ్చాకే లేస్తుంది. మార్కు సువార్త 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన, తనంతట తానే పెరిగే విత్తనపు ఉపమానం ఎన్నిసార్లు ప్రసంగించామో! రాత్రి పడుకుని పగలు లేస్తుంటే, ఎలాగో అతనికే తెలియకుండా విత్తనం మొలిచి పెరుగుతుందని అక్కడ ఉంది. ప్రసంగించాము గానీ, ఆ నెల రోజులు మడి దగ్గర నిలబడి విసుక్కున్నవారమూ మేమే.

ఇప్పుడు పెంచే పద్ధతి రాస్తాము, చాలామంది అడుగుతున్నారు గనుక.

కిందటేడు తీసి ఆరబెట్టి దాచిన గింజలు వాడండి. ముందురోజు రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మడి కొంచెం ఎత్తుగా కట్టండి. గింజ చాలా చిన్నది గనుక పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి రాల్చండి. లోతుగా పడితే పైకి రాలేదు. మీద వరిగడ్డి కప్పి, చేత్తో చిలకరించినట్టు నీళ్లు పోయండి. వారం పది రోజుల్లో మొలకలు కనబడగానే గడ్డి తీసేయండి.

నెల, నెలన్నర వయసు నారును వాన పడిన మరునాడు సాయంత్రం నాటుకోవాలి. వరుసకు వరుసకు అడుగు, మొక్కకు మొక్కకు జానెడు చాలు. మన ఎర్ర చెల్కల్లో బాగా వస్తుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిచే చోట పెట్టకండి, వేరు కుళ్లిపోతుంది. కొంత నీడనూ ఓర్చుకుంటుంది గనుక మామిడి చెట్ల మధ్యనైనా పెట్టవచ్చు. మొదటి రెండు నెలలు కలుపు తీస్తే తర్వాత అదే నేలను కమ్ముకుంటుంది. మేకలు కూడా మా మొక్కల మీద ఒకసారి మూతి పెట్టి, మళ్లీ ఆ వైపు రాలేదు.

నాటిన మూడు, నాలుగు నెలలకు పూత మొదలవుతుంది. కోతకు అదే సమయం. ఆకులో చేదు సారం అప్పుడే ఎక్కువగా ఉంటుంది. బెత్తెడు కాండం నేలమీద వదిలి పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసినదాన్ని నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. విత్తనం కోసం నాలుగు మొక్కలు విడిచిపెట్టండి. కాయ ఎండి చిట్లితే గింజలు ఎగిరి చెదిరిపోతాయి, కాబట్టి కాయ గోధుమరంగుకు తిరగగానే పొద్దున్నే, మంచు తడి ఉండగానే తెంపి గుడ్డలో కట్టుకోండి.

ఎకరాల్లో వేయాలనుకునే రైతు సహోదరులకు ఒక్క మాట. సీడ్ పత్తిలో కంపెనీవాడు వచ్చి కొన్నట్టు దీన్ని ఇంటికొచ్చి ఎవరూ కొనరు. కొనేవారు ఎవరో, ఎంతకు కొంటారో తెలుసుకోకుండా అప్పు తెచ్చి వేయకండి. హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ కేంద్రం ఉంది. 'సిమ్ మేఘ' అనే నేలవేము రకం ఆ సంస్థదే. వారిని అడిగి ముందుకు వెళ్లండి. మేము మాత్రం పెరటి మడి సంగతే చెప్తున్నాము.

ఇక చెప్పవలసిన మాటకు వస్తాము.

మొక్క బాగా పెరిగింది. దానితోపాటు మాలో ఇంకొకటి కూడా పెరిగింది. నేలవేము గురించి కనబడినదల్లా చదివాము. 2012లో తమిళనాడులో డెంగీ జ్వరాలు ప్రబలినప్పుడు అక్కడి ప్రభుత్వమే 'నిలవేంబు కుడినీర్' అనే కషాయాన్ని ప్రజలకు పంచింది. థాయ్‌లాండ్‌లో 2020 చివర్లో, కరోనా రోజుల్లో, లక్షణాలు కొద్దిగా ఉన్నవారికి ఈ మొక్క మందును ప్రభుత్వం అనుమతించింది. ఇవన్నీ నిజమే. ఇవన్నీ కలిపి ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో చెప్పాము. చెప్తూ చెప్తూ, "జ్వరానికే కాదు, షుగరుకు కూడా మంచిది, దేవుడు మన నల్లమలలోనే మందు పెట్టాడు" అన్నాము. సంఘమంతా "ఆమేన్" అన్నారు. ఆరాధన అయ్యాక ఎండబెట్టిన కట్టలు పంచాము.

వాటిని తీసుకున్నవారిలో ఒక తల్లి ఉంది. అరవై దాటిన వయసు. ఎనిమిదేళ్లుగా షుగర్ గోలీలు మింగుతోంది. కూలికి పోయే ఇల్లు. గోలీల కోసం నెలనెలా బస్సెక్కి దవాఖానకు పోవాలి, ఒకరోజు కూలి పోతుంది. మా మాట విన్న మరుసటి రోజు నుండి ఆమె గోలీలు బంద్ చేసింది. పొద్దున్నే కషాయం తాగి, ప్రార్థన చేసుకుని పనికి పోయేది. పత్తి చేనులో కాలికి ముల్లు గుచ్చుకుంది. పుండు మానలేదు. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు.

ఆమె బిడ్డ రాత్రి పూట ఫోన్ చేసింది. "అయ్యగారూ, అమ్మ కాలు నల్లగయింది, ప్రార్థన చెయ్యండి" అని. మేము వెళ్లేసరికి గదిలో అడుగు పెట్టలేనంత వాసన. ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకుపోయాము. షుగర్ నాలుగు వందలు దాటి ఉంది. డాక్టరమ్మ "గోలీలు ఎప్పుడు ఆపావమ్మా?" అని అడిగింది. ఆ తల్లి మా వైపు చూసింది. నోరు విప్పలేదు. మేమే చెప్పాము, "మా మాట విని ఆపిందమ్మా" అని. డాక్టరమ్మ ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది, ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం. వార్డులో కూర్చుని, "అమ్మా, నేను అట్ల ఆపుమని చెప్పలేదు గదా" అన్నాము. అన్నాక మాకే సిగ్గేసింది. ఆమె మెల్లగా అన్నది: "నువ్వే జెప్తివి గదయ్యా, షుగరుకు మంచిదని. మందు దేవుడు పెట్టిండంటివి. మల్ల గోలీలు ఎందుకనుకుంటి. కాలు నొస్తుంటే నీకు జెప్పాలనుకుంటి గానీ, అయ్యగారి మాట తప్పని జెప్పినట్టు అయితదని ఊకున్న."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కోపంతో అని ఉంటే తట్టుకునేవాళ్లమేమో. ఆమె గౌరవంతో అన్నది.

కొన్నాళ్లకు రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం మా క్రమపఠనంలో వచ్చింది. 38 నుండి 41 వచనాలు మీరూ తీసి చదవండి. గిల్గాలులో కరవు. ఎలీషా ప్రవక్త పెద్ద కుండ పొయ్యి మీద పెట్టి, ప్రవక్తల శిష్యులకు వంట చేయమన్నాడు. ఒకడు ఆకుకూరల కోసం పొలానికి వెళ్లాడు. ఒక అడవి తీగె కనబడింది. ఒడి నిండా దాని కాయలు కోసుకొచ్చి, అవేమిటో ఎవరికీ తెలియకుండానే తరిగి కుండలో వేశాడు. తినబోయినవారు కేకలు వేశారు, కుండలో మరణం ఉందని. ఎలీషా పిండి తెప్పించి అందులో వేయించాడు. ఆ తర్వాత కుండలో హాని లేకపోయింది.

ఆ కాయ చేదుపుచ్చ అయి ఉంటుందని చాలామంది బైబిలు పండితుల అభిప్రాయం. మన దేశంలోనూ ఇసుక నేలల్లో పాకే తీగె అది. వైద్యుల చేతిలో కొలతతో పడితే విరేచనాల మందు. తెలియక కుండలో పడితే విషం. సెమినరీలో ఈ భాగం చదువుకున్నాము, పరీక్షలో జవాబు రాశాము. కానీ ఒడి నిండా కోసుకొచ్చిన ఆ మనిషి ఒకనాడు మేమే అవుతామని అప్పుడు తెలియదు. అతనికి చెడు తలంపు లేదు. ఆకలితో ఉన్నవారికి పెట్టాలనే ప్రేమే ఉంది. ప్రేమ ఉంది, తెలివిడి లేదు. అంతే తేడా.

ఇంకొక సంగతి మమ్మల్ని ఇంకా లోతుగా గుచ్చింది. ఆ శిష్యులు కేక వేశారు. ఎదురుగా ఉన్నది ఎలీషా. వండమన్నది ఆయనే, కుండ ఆయన పెట్టించిందే. అయినా "పెద్దాయన ఏమనుకుంటాడో" అని మింగి ఊరుకోలేదు. ఆ కేకే అందరినీ బతికించింది. ఎలీషా కూడా కోపగించుకోలేదు, "నాకే చెప్తారా?" అనలేదు. మన తల్లి మాత్రం రెండు నెలలు కేక వేయలేదు. మా మీద గౌరవం చేత. అలాంటి గౌరవాన్ని ఇన్నేళ్లుగా సంఘంలో పెంచింది ఎవరు? మేమే. పాస్టరు మాటకు ఎదురు చెప్పకూడదని మేము నోటితో బోధించకపోవచ్చు. కానీ ఎవరైనా చెప్పినప్పుడు మా ముఖం ఎలా మారేదో మీకు తెలుసు, మాకూ తెలుసు.

అందుకే ఈ ధ్యానం ద్వారా మిమ్మల్ని వేడుకుంటున్నాము. మా కుండలో ఏదైనా తేడాగా రుచించితే కేక వేయండి. అది వాక్యమైనా, సలహా అయినా, ఆకు అయినా. అది అవిధేయత కాదు.

ఇక్కడ ఒక సహోదరుడు అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది. "అయితే ఆ మొక్కలు పీకేద్దామా అయ్యగారూ?" అని. మాకూ ఒకరోజు అలాగే అనిపించింది. పార చేతిలో పట్టుకుని మడి దగ్గరకు వెళ్లాము కూడా. కానీ ఎలీషా కుండ పారబోయలేదు. కరవులో వండిన వంట అది. పిండి వేసి బాగు చేశాడు. మనకు ఆ పిండి ఏమిటి? కొలత తెలిసినవారి మాట. థాయ్‌లాండ్ సంగతి చెప్పాము కదా, అప్పుడు సంఘానికి చెప్పకుండా వదిలేసిన భాగం ఇప్పుడు వినండి. అక్కడ ఇచ్చింది పిడికెడు ఆకు కాదు. అందులోని ఆండ్రోగ్రఫోలైడ్ అనే సారాన్ని లెక్కగట్టి రోజుకు 180 మిల్లీగ్రాముల చొప్పున, 5 రోజులు, అదీ వ్యాధి తేలికగా ఉన్నవారికి. ఇంత, ఇన్ని రోజులు, ఫలానావారికి అని హద్దులున్నాయి. తమిళనాడు కషాయం కూడా ఒక్క నేలవేము కాదు, తొమ్మిది దినుసులు కలిపి సిద్ధ వైద్యులు చెప్పిన పాళ్లలో చేసేది. హద్దులు తీసేసి మంచిని మాత్రమే చెప్పాము. సగం నిజం చెప్పాము.

కాబట్టి నారు తీసుకుపోయేవారు ఈ మాటలు గట్టిగా పట్టుకోండి.

షుగర్, బీపీ గోలీలు వాడేవారు డాక్టరును అడగకుండా నేలవేము తాగకండి. ఈ మొక్కకు రక్తంలో చక్కెరను, బీపీని తగ్గించే గుణం ఉన్నట్టు జంతువుల మీద చేసిన పరిశోధనల్లో కనబడింది. అంతమాత్రాన అది గోలీకి బదులు కాదు. గోలీతో కలిసి మరీ ఎక్కువ తగ్గించినా ప్రమాదమే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలే ముట్టవద్దు. చిన్నపిల్లలకు పోయవద్దు. జ్వరం రెండు రోజులు దాటితే కషాయం పక్కన పెట్టి రక్తపరీక్షకు వెళ్లండి. మలేరియానో, డెంగీనో, టైఫాయిడో ఆకు చెప్పదు. ఇంకొకటి, పేరు విని మొక్కను నమ్మకండి. ఒకే పేరుతో ఊరికొక మొక్కను పిలుస్తారు. తెలిసినవారికి చూపించాకే కోయండి.

"మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదా?" అని కొందరు లోలోపల అనుకుంటారు. యెషయా 38వ అధ్యాయం చూడండి. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విని పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ వాగ్దానం వచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన విన్న దేవుడే పట్టు వేయించాడు. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడే, కొలొస్సయులకు రాసిన పత్రిక 4:14లో ఆయన పేరు ఉంది.

మన ప్రాంతపు సంఘ చరిత్రే దీనికి సాక్ష్యం. అమెరికా నుండి 1907లో వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ గారు నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో రోగులను చూస్తూ 1945లో ఈ నేలలోనే కన్నుమూశారు. మన తాతముత్తాతలకు సువార్తా, మందుసీసా ఒకే చేతుల మీదుగా అందాయి. ఆ రెంటినీ మనం విడదీయకూడదు.

ఆ తల్లి ఇప్పుడు బాగానే ఉంది. ప్రత్యేకంగా కుట్టించిన చెప్పు వేసుకుని, మెల్లగా నడుస్తూ ప్రతి ఆదివారం వస్తుంది. మేము ఆమె ఇంటికి వెళ్లినప్పుడల్లా ప్రార్థనకు ముందు గోలీల చీటీ చూపించమంటాము. మొదట్లో నవ్వేది. ఇప్పుడు మేము అడగకముందే తెచ్చి మంచం మీద పెడుతుంది. ఆమె పెరట్లో నేలవేము కూడా ఉంది. తాగదు. "జ్వరమొచ్చిన ఇంటోళ్లు అడుగుతే ఇస్తనయ్యా. ఇచ్చేటప్పుడు నా కాలు జూపిచ్చి ఇస్త" అన్నది మొన్న. మా ప్రసంగంకన్నా అది మంచి ప్రసంగం.

మేము ఆమెను క్షమించమని అడిగాము. ఆమె ఏమీ మాట్లాడకుండా మా తల మీద చేయి పెట్టింది. మా చేతులు వేసి ప్రార్థించే మనుషులే మా మీద చేయి వేసిన రోజు అది.

ప్రియులారా, ఈ వారం ఇంట్లో ఎవరైనా భయంతోనో, గౌరవంతోనో, ఖర్చుకు జడిసో మందు ఆపేశారేమో అడగండి. వయసు మీద పడిన అమ్మానాన్నలను ప్రత్యేకంగా అడగండి. దూరాన ఉన్న బిడ్డలు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" అన్న తర్వాత "గోలీ వేసుకున్నావా?" అని కూడా అడగండి. దవాఖానకు పోవడానికి బస్సు కిరాయి లేనివారు మాతో చెప్పండి. సంఘపు పెట్టెలో దానికోసం కొంత పక్కన పెడుతున్నాము.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, చేదు ఆకులోనూ మేలు పెట్టినవాడవు నీవే. మా నోటి మాట ఎవరికైనా హాని చేసి ఉంటే క్షమించుము. తెలిసినదాన్ని తెలిసినంతే చెప్పే వినయం మాకు దయచేయుము. పుండ్లు దాచుకుని మౌనంగా ఉన్నవారికి నోరు విప్పే ధైర్యం ఇయ్యుము. వైద్యుల చేతులను దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

నారు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఇస్తాము. తడి గోనెపట్టా తెచ్చుకోండి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు